"యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము": ఇక్కడ కనిపెట్టడం అంటే ఏం చేయడం?

అందరికీ వందనాలు. పోయిన ఆదివారం సండే స్కూల్లో 27వ కీర్తన చివరి వచనం పిల్లలతో కంఠతా పట్టిస్తుంటే ఏడో తరగతి అబ్బాయి ఒకడు లేచి, "టీచర్, కనిపెట్టడం అంటే ఎడిసన్ బల్బు కనిపెట్టినట్టు కదా, మరి దేవుడి కోసం కనిపెట్టడం ఏంటి?" అన్నాడు. ఆ ఒక్క వచనంలోనే ఈ మాట రెండుసార్లు వస్తుంది. "ఎదురుచూడమని అర్థం నాన్నా" అని చెప్పి ముందుకెళ్లిపోయాను గానీ, ఇంటికొచ్చాక నా జవాబు నాకే నచ్చలేదు. ఎందుకంటే ఈ మాట అర్థం నాకు తెలిసింది పుస్తకంలో కాదు.

రెండేళ్ల కిందట అమ్మకు పక్షవాతం వచ్చి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. నాలుగో రోజుకే నాకు ఓపిక అయిపోయింది. మా సంఘంలో ఆడవాళ్లు వంతులేసుకుని వచ్చేవాళ్లు. వాళ్లలో ఒక పెద్దావిడ, పగలంతా మిరపకాయ కోతకు వెళ్లొచ్చిన మనిషి, రాత్రి తొమ్మిదింటికి క్యారేజీ పట్టుకుని వచ్చి, "నువ్వు పడుకో అమ్మాయ్, నేను కనిపెట్టుకుని ఉంటాలే" అంది. మధ్యలో ఎప్పుడు మెలకువ వచ్చి చూసినా ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చునే ఉంది. సెలైన్ ఎంతవరకు అయిందో చూసుకోవడం, అమ్మ మూలిగితే లేచి ఒత్తిగిలించడం, పెదవులు తడపడం, అంతే. అమ్మను బాగుచేయడం ఆవిడ చేతిలో లేదు, తెల్లవారడం అంతకన్నా లేదు, అయినా రెప్ప వాల్చలేదు.

తర్వాత ఎప్పుడో 130వ కీర్తన చదువుతూ "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది" అనే దగ్గర ఆగిపోయాను. ఆవిడ అన్న మాటే ఇక్కడ ఉంది. మనిషిని చూసుకోవడానికి, దేవుడి కోసం చూడటానికి తెలుగులో ఒకటే క్రియ! ఇది అనువాదంలో అనుకోకుండా కలిసిందా, లేక మాటలోనే ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

——

జవాబు, ఒక విశ్రాంత తెలుగు మాస్టారు:

మాటలోనే ఉందమ్మా. కను అంటే చూచు. కని పెట్టుకోవడం అంటే చూపు అక్కడే నిలపడం. అలా నిలిపితే కొత్తది కంటబడుతుంది, అది ఇవాళ్టి "కనిపెట్టడం". ఎవరికీ ఏమీ కాకుండా చూస్తే అది సంరక్షణ. రావలసినదాని కోసం చూస్తే నిరీక్షణ. ఆ నిరీక్షణలోనూ ఈక్షణమే ఉంది, అంటే చూపే. ఎదురుచూపులో సరేసరి. కాచు కూడా ఇలాంటిదే, చేను కాస్తాం, "నీ కోసమే కాచుకుని కూర్చున్నా" అనీ అంటాం. యాకోబు పత్రిక 5:7లో రైతు పంట కోసం "ఓపికతో కాచుకొనుచు దానికొరకు కనిపెట్టును గదా" అని రెండు మాటలూ పక్కపక్కనే పడ్డాయి. పంట కోసం చూసే రైతు ఖాళీగా కూర్చోడు కదా, గట్టు వేస్తాడు, కలుపు తీస్తాడు, గొడ్లను తోలతాడు.

——

జవాబు, కరీంనగర్ నుంచి:

మా దిక్కు దీనికి అర్సుకునుడు అంటరు టీచరమ్మా. "అత్తమ్మను కోడలు మంచిగ అర్సుకున్నది" అంటే బాగా చూసుకుందని. పాత తెలుగులో అరయు అంటే చూచు, వెదకు అనే కదా. అక్కడా చూపే ఆదరణ అయింది.

——

జవాబు, ఒక బీటెక్ విద్యార్థి:

అక్కా, ఇంత వివరించాల్సి వస్తోందంటే మాట పాతబడిపోయినట్టే కదా. యెషయా 40:31లో "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు" అని తేలిగ్గానే ఉంది. అన్నిచోట్లా అలాగే మార్చేస్తే పిల్లలకు టెన్షన్ ఉండదు.

——

మళ్లీ నేను:

మాస్టారూ, చాలా సంతోషం. రైతు సంగతి నాకు తట్టలేదు, పిల్లలకు అదే చెప్తాను.

తమ్ముడూ, నువ్వన్నది నిజమే, హీబ్రూలో 27వ కీర్తనలోనూ నువ్వు చెప్పిన యెషయా వచనంలోనూ ఉన్నది ఒకే ధాతువు, కావా. ఆశకు వాళ్లు వాడే తిక్వా దాన్నుంచే వచ్చింది, యెహోషువ గ్రంథంలో రాహాబు అనే ఆవిడ కిటికీకి కట్టిన ఎర్రతాడుకూ అదే మాట. కాబట్టి "ఎదురుచూడు" తప్పేం కాదు. కానీ బస్సు కోసం కూడా ఎదురుచూస్తాం, ఫోన్ చూసుకుంటూ. కనిపెట్టుకుని ఉండటం అలా కుదరదు, అందులో మనిషి మొత్తం మెలకువగా ఉండాలి.

ఇంకొకటి, కీర్తనలో "యుండుము" ఏకవచనం. అపొస్తలుల కార్యములు 1:4లో యేసు శిష్యులతో "తండ్రియొక్క వాగ్దానముకొరకు కనిపెట్టుడి" అన్నాడు, అది బహువచనం. ఫలానా రోజు అని చెప్పలేదు, కొద్ది దినములలోగా అని మాత్రమే అన్నాడు. వాళ్లు ఎవరింట్లో వాళ్లు కూర్చుని కనిపెట్టలేదు, అందరూ ఒకచోట చేరారు, దాదాపు నూట ఇరవై మంది. వాళ్లలో గురువును ఎరుగనన్న పేతురూ ఉన్నాడు, కొడుకును పోగొట్టుకున్న మరియమ్మా ఉంది. నాకైతే ఒంటరిగా ఓపిక పట్టడం చేతకాదు, ఆస్పత్రిలో అది బాగా తెలిసొచ్చింది. "దేవుని కోసం కనిపెట్టమ్మా" అని ప్రార్థన చేసి వెళ్లినవాళ్లూ ఉన్నారు, వాళ్ల ప్రార్థన వద్దనను, అది నాకు కావాలి. కానీ స్టూలు మీద కూర్చున్న ఆవిడ లేకపోతే వాళ్లు చెప్పిన మాట నా చెవి దాకా వచ్చేదే కాదు.

అందుకే మాట మార్చవద్దని నా కోరిక. పిల్లాడు అడిగినప్పుడు ఆగి చెప్పేంత తీరిక మనకు ఉండాలి. ఉత్తరాంధ్రలో, సీమలో రోగి దగ్గర రాత్రి కూర్చోవడాన్ని ఏమంటారో ఎవరైనా రాయండి, "కనిపెట్టుకుని ఉండటం" అక్కడా వినబడుతుందా? వచ్చే ఆదివారం "అర్సుకునుడు" పక్కన బోర్డు మీద రాయాలి.