మే నెల 42 డిగ్రీల కన్నా జులైలో 36 డిగ్రీలే ఎక్కువ ఉడకపోస్తున్నది, ఎందుకు? షెడ్డులో సరిగ్గా కొలుచుడు ఎట్ల?

రేకులషెడ్డు_506

హనుమకొండ శివారులో ప్యాకింగ్ షెడ్డు. 60 అడుగుల పొడవు, 40 వెడల్పు, రేకుల కప్పు, రెండు పక్కల షట్టర్లు. పన్నెండు మంది పనిచేస్తరు: బస్తాలు మోసుడు, తూకం, మూతి కుట్టుడు. గోడకు ఒక చిన్న డిజిటల్ మీటరు ఉన్నది. మే నెల మధ్యాహ్నం అది 42 డిగ్రీలు, తేమ 25 శాతం చూపించింది. ఇప్పుడు వాన ఆగిన రోజుల్ల 36 డిగ్రీలు, 60 శాతం. అంకె తక్కువైంది గని మనుషులు అప్పటికన్నా తొందరగా డీలా పడుతున్నరు. బట్టలు పిండితే నీళ్లు కారుతున్నయి.

అడిగేది ఇదే: ఈ మీటరును ఎంతవరకు నమ్మాలె? 36 దగ్గర ఇంత ఇబ్బంది ఎందుకు? మేలో బ్రహ్మాండంగా పనిచేసిన కూలర్ ఇప్పుడు ఎందుకు దండగైంది? గంటకు ఎన్ని నిమిషాలు విశ్రాంతి ఇయ్యాలె, దానికి లెక్క ఏమన్న ఉన్నదా?

తడిబల్బు

ముందు ఆ మీటరును గోడ మీదినుంచి తీయండి. మధ్యాహ్నం గోడ గాలి కన్నా వేడిగా ఉంటే మీటరు గోడ వేడినే చెబుతుంది. వేడి ఎక్కువ చూపితే తేమ శాతం తక్కువ చూపుతుంది, కాబట్టి రెండు అంకెలూ ఒకేసారి చెడతాయి. మనుషులు పనిచేసే చోట, నేల నుంచి 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, కూలర్ గాలి తగలకుండా తాడుకు వేలాడదీయండి. వాతావరణ శాఖ వాళ్లు థర్మామీటర్లను తెల్లటి చెక్క పెట్టెలో, గాలి ఆడే పలకల మధ్య పెట్టేది ఇందుకే. టీవీలో చెప్పే ఉష్ణోగ్రత అలాంటి పెట్టెలోది. మీ రేకుల కింద ఉన్నది వేరే లోకం.

మీటరు మీద నమ్మకం లేకపోతే దాని పక్కన తడి బల్బు పెట్టండి. 0 నుంచి 50 డిగ్రీల గాజు థర్మామీటర్లు రెండు, ఒకే రకానివి తీసుకోండి. మొదట రెండింటినీ ఒకే బకెట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి చూడండి. ఒకటి అర డిగ్రీ తేడా చూపితే ఆ తేడాను దాని మీదే రాసిపెట్టండి. తర్వాత ఒకదాని బల్బుకు పలుచటి మల్లు గుడ్డ ఒకే పొర చుట్టండి. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, అది నీళ్లు పీల్చదు. కాబట్టి కొంచెం వంటసోడా వేసి పావుగంట మరిగించి, మంచి నీళ్లలో బాగా జాడించాలి. గుడ్డ బల్బు పైన రెండు సెంటీమీటర్ల దాకా రావాలి, కింది కొస చిన్న సీసాలోని నీళ్లలో మునగాలి. సీసా సరిగ్గా బల్బు కిందనే ఉంటే దాని ఆవిరి కూడా కొలతలో కలుస్తుంది, అందుకని పక్కకు జరపండి.

నీళ్లు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే పోయండి. బోరు నీళ్లు పోస్తే వారంలో గుడ్డకు తెల్ల పొర కట్టి కొలత పైకి పోతుంది.

చదివేటప్పుడు టేబుల్ ఫ్యాన్ పెట్టి బల్బుల మీద సెకనుకు మూడు నుంచి ఐదు మీటర్ల గాలి తగిలేలా చూడండి. మూడు నాలుగు నిమిషాల్లో తడి బల్బు దిగి ఒకచోట ఆగుతుంది. ఆ అంకెను ముందు చదవండి, పొడిది తర్వాత. దగ్గరికి వంగి ఊపిరి వదిలితే మీరు చదివేలోపే అది ఎక్కుతుంది.

లెక్క ఇలా: తడి బల్బు వేడి దగ్గర సంతృప్త ఆవిరి పీడనంలోంచి (ఆ వేడిలో గాలి పట్టగలిగినంత ఆవిరి పీడనం, హెక్టోపాస్కళ్లలో), రెండు థర్మామీటర్ల తేడాను 0.645తో గుణించి తీసేయాలి. మన ఎత్తులో గాలి పీడనం సుమారు 975 హెక్టోపాస్కళ్లు, దాన్ని 0.000662తో గుణిస్తే వచ్చేదే ఈ 0.645.

మే: పొడి 42, తడి 25. 25 దగ్గర సంతృప్త పీడనం 31.7. తేడా 17 కాబట్టి 11 పోతే 20.7 మిగులుతుంది. 42 దగ్గర సంతృప్తం 82. 20.7ను 82తో భాగిస్తే తేమ 25 శాతం.

జులై: పొడి 36, తడి 29. 40.1లోంచి 4.5 పోతే 35.6. 36 దగ్గర సంతృప్తం 59.4. అంటే 60 శాతం.

మీ మీటరు చెప్పినవి ఈ అంకెలే అయితే తడి బల్బు 25 నుంచి 29కి ఎక్కిందన్నమాట. ఘనమీటరు గాలిలో నీటి ఆవిరి మేలో 14 గ్రాములు, ఇప్పుడు 25 గ్రాములు. శాతాన్ని ఒంటరిగా చూడకండి. తెల్లవారుజామున 90 శాతం, మధ్యాహ్నం 50 శాతం చూపినా గాలిలో ఉన్న ఆవిరి దాదాపు అంతే ఉండవచ్చు.

సోల్డర్_కాజీపేట

డిజిటల్ మీటరు గురించి ఒక మాట. లోపల ఉన్నది డీహెచ్‌టీ11 రకం సెన్సర్ అయితే దాని సొంత స్పెసిఫికేషనే రెండు డిగ్రీలు, ఐదు శాతం అటూ ఇటూ. మీ పనికి అది చాలదు. ఎస్‌హెచ్‌టీ31 రకం సెన్సర్ అయితే తేమలో తేడా మామూలుగా రెండు శాతం.

ఉప్పుతో సరిచూడొచ్చు. సీసా మూతలో ఉప్పు వేసి తడి ఇసుక లాగ అయ్యేంత నీళ్లే చుక్కలుగా వేయాలె. ఉప్పు మొత్తం కరిగి నీళ్లు తేలితే పరీక్ష చెడినట్టే. ఆ మూతను, మీటరును గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ఎండ తగలని గదిలో కనీసం పది గంటలు వదిలేయండి. 25 నుంచి 30 డిగ్రీల మధ్య లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తది. మీటరు 69 చూపితే ఆరు తక్కువ చూపుతున్నట్టు. అయితే ఆ ఆరు 75 దగ్గరి తప్పు. 25 శాతం దగ్గర కూడా అంతే ఉంటదని అనుకోవద్దు. తక్కువ తేమ దగ్గర చూడాలంటే మెగ్నీషియం క్లోరైడ్ కావాలె, అది 33 శాతం దగ్గర నిలుస్తది.

మిర్చి బస్తాలు, పత్తి ఉన్న షెడ్డయితే దుమ్ము సెన్సర్ రంధ్రాన్ని మూసేస్తది. అప్పుడు అంకె తప్పు చూపుడే కాదు, మారుడే నెమ్మదిస్తది. షట్టర్ తీసినా అరగంటకు గని కదలదు. అట్లయితే ఆ సెన్సర్‌ను మార్చుడే.

రంజన్‌కుండ

శరీరం సంగతి. మే నెలలో రంజన్‌లో నీళ్లు చల్లగా ఉంటాయి, ముసురు పట్టిన రోజు అదే రంజన్‌లో నీళ్లు ఎట్ల పోసినవి అట్లనే ఉంటాయి. మన చర్మం కూడా ఆ కుండే. కుండకు లేనిది మనకు ఒకటుంది, లోపల పొయ్యి.

ఊరికే కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తాడు. బస్తాలు మోసేటప్పుడు అది 300, 400 దాకా పోతుంది. లోపల 37 డిగ్రీలు, ఎండాకాలం చర్మం 35 దగ్గర. బయటి గాలి 35 దాటితే గాలికి వేడి ఇచ్చే దారి మూసుకుపోతుంది, మిగిలేది చెమట ఒక్కటే. ఒక గ్రాము చెమట చర్మం మీద ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. 300 వాట్లు వదిలించుకోవాలంటే గంటకు 450 గ్రాముల చెమట పూర్తిగా ఆరాలి. కారి నేల మీద పడిన చెమట, బట్ట పిండితే వచ్చిన చెమట చల్లబరచలేదు, వట్టిగా నీళ్లు, ఉప్పు పోయినట్టే.

ఎంత ఆరుతుందన్నది చర్మం దగ్గరి ఆవిరి పీడనానికి, గాలిలోని దానికి ఉన్న తేడాను బట్టి ఉంటుంది. 35 డిగ్రీల తడి చర్మం దగ్గర అది 56 హెక్టోపాస్కళ్లు. పైన తడిబల్బు గారి లెక్కతో చూస్తే మేలో తేడా 56లోంచి 20.7 పోగా 35. ఇప్పుడు 56లోంచి 35.6 పోగా 20 చిల్లర. ఒకే గాలి వేగానికి చెమట ఆరే సత్తా ఐదింట రెండు వంతులు తగ్గిపోయింది. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే.

తడి బల్బు 35 చేరితే నీడలో, ఫ్యాన్ కింద, ఎన్ని నీళ్లు తాగినా శరీరం వేడిని వదల్లేదని 2010లో షెర్‌వుడ్, హ్యూబర్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ 35ను చూసి ‘మనకు 29 కదా’ అనుకోవద్దు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లను తేలికపాటి కదలికతో పరీక్షిస్తే, తేమ గాలిలో తడి బల్బు 31 లోపే లోపలి వేడి అదుపు తప్పింది. బస్తా మోసేవాడి హద్దు ఇంకా కిందనే.

ఇంజిన్‌ఆయిల్

35 దాటినంక ఫ్యాన్ బంద్ పెట్టాలంటరు కదా, వేడిగాలే కొడుతదని?

రంజన్‌కుండ

అందరికీ ఒకే మాట కుదరదన్నా. 42 డిగ్రీల పొడిగాలిలో చర్మం పొడిగా ఉన్న ముసలివాళ్ల మీద ఫ్యాన్ పెడితే వడగాలి కొట్టినట్టే. అక్కడ ముందు తడిగుడ్డతో ఒళ్లు తడిపి తర్వాత ఫ్యాన్. 36 డిగ్రీల తేమలో ఒళ్లంతా చెమటతో ఉన్నవాళ్లకు ఫ్యానే దిక్కు. గాలి, చర్మం దాదాపు ఒకే వేడి కాబట్టి నష్టం లేదు, చెమట ఆరడం మాత్రం పెరుగుతుంది.

తడిబల్బు

కూలర్ ప్రశ్న మిగిలింది. కూలర్ గాలిని తడి బల్బు కన్నా చల్లబరచలేదు. మంచి ప్యాడ్ అయితే పొడి, తడి తేడాలో నాలుగింట మూడు వంతులు దింపుతుంది. మేలో తేడా 17, కాబట్టి 42 గాలి 29 అయ్యి వచ్చేది. ఇప్పుడు తేడా 7, మహా అయితే 36 గాలి 31 దగ్గరికి వస్తుంది. పైగా 85 శాతం తేమతో. షట్టర్లు మూసి నడిపితే గంటలో షెడ్డంతా అదే గాలి. వానాకాలం పంపు ఆపేసి ఉత్త ఫ్యానుగా వాడండి, ఎదురు పక్కన షట్టర్ పూర్తిగా ఎత్తండి, వీలైతే కప్పు కింద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి.

రేకులషెడ్డు_506

మస్తు అర్థమైంది సార్. విశ్రాంతి లెక్క కూడా చెప్తే బాగుండు. ఫోన్‌ల వచ్చే ‘ఫీల్స్ లైక్’ అంకె పట్టుకుంటే సరిపోతదా?

భద్రత_రామగుండం

సరిపోదు. ఆ అంకె ప్రకారం కూడా మీ మే రోజు 44.6, జులై రోజు 48. అంటే దిశ సరిగ్గానే చెబుతుంది. కానీ అది నీడలో, చిన్న గాలిలో, మెల్లగా నడిచే మనిషి కోసం కట్టిన సూత్రం. రేకు నుంచి దిగే సెగ, మోసే బరువు అందులో లేవు.

పని చోట వాడేది డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్), అంటే తడి బల్బు, నల్ల గోళం వేడి కలిపిన అంకె. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలు తగ్గించడానికి పుట్టింది. కప్పు కింద అయితే తడి బల్బును 0.7తో, నల్ల గోళం వేడిని 0.3తో గుణించి కలపాలి. ఎండలో అయితే తడి 0.7, గోళం 0.2, పొడి 0.1. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు: దీనికి తడి బల్బు మీద ఫ్యాన్ పెట్టకూడదు. అక్కడ సహజంగా ఆడే గాలిలోనే చదవాలి. తడిబల్బు గారు చెప్పిన ఫ్యాన్ కొలత తేమ శాతం కోసం.

గోళం అసలైతే 15 సెంటీమీటర్ల పలుచటి రాగిది, మెరుపు లేని నల్ల రంగుతో, మధ్యలో థర్మామీటరు బల్బు. టేబుల్ టెన్నిస్ బంతికి నల్లబోర్డు రంగు వేసి కూడా చేస్తారు, అయితే చిన్న గోళం గాలి వేడికే దగ్గరగా ఉంటుంది, సెగను తక్కువ చూపుతుంది. పెద్ద గోళం నిలకడకు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

మీ షెడ్డులాంటి చోట ఉదాహరణకు మేలో తడి 26, గోళం 46 అనుకుందాం: 18.2, 13.8 కలిపి 32. జులైలో తడి 29.5, గోళం 40: 20.65, 12 కలిపి 32.65. అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ పట్టికలో, వేడికి అలవాటుపడ్డ మనిషికి, మోస్తరు పనికి, గంటంతా ఆగకుండా చేయాలంటే హద్దు 28. సగం గంట పని, సగం విశ్రాంతి అంటే 29 నుంచి 30. గంటలో 15 నిమిషాలే పని అన్నా 31.5. అంటే 32.65 దగ్గర బస్తాల పనికి ఏ నిమిషాల లెక్కా పనికిరాదు. మోత పనిని పొద్దున ఆరు నుంచి పదింటిలోపు ముగించి, మధ్యాహ్నానికి తూకం, కుట్టుడు పెట్టుకోండి. కూర్చుని కుట్టే పనికి హద్దులు కొంచెం పైన ఉంటాయి, అయినా 32 దాటితే గంటలో పావుగంటకు మించదు, 32.5 దాటితే అదీ కుదరదు.

అన్నిటికన్నా చవక పని, కప్పు మీద తెల్లటి సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయించడం. గోళం అంకె వెంటనే దిగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే. రోజుకు ఇంకో ఐదో వంతు పెంచాలి. పండక్కు ఊరెళ్లి వారం తర్వాత వచ్చిన పాతవాళ్లకు సగంతో మొదలుపెట్టి నాలుగో రోజుకు పూర్తి పని. ప్రమాదాల్లో చాలావరకు ఈ మొదటి రోజులవే.

రంజన్‌కుండ

మీ దగ్గర కాటా ఉంది కదా, దాన్ని వాడండి. పనికి ముందు, తర్వాత మనిషిని తూచండి. తగ్గిన కిలోలకు మధ్యలో తాగిన లీటర్లు కలిపితే పోయిన చెమట. 60 కిలోల మనిషి 1.2 కిలోలు తగ్గితే తాగింది చాలలేదు. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు, గంటకు లీటరున్నర మించకూడదు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది కూడా తల తిప్పుతుంది, వాంతి వస్తుంది, చూసేవాళ్లు వడదెబ్బే అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు చదునుగా కొలిచి. ఉప్పేసిన మజ్జిగ కూడా మంచిదే.

మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బే అనుకుని నడవండి. చెమట కారుతూనే ఉన్నా సరే. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా నీళ్ల డ్రమ్ములోనో టార్పాలిన్‌లోనో ఐసునీళ్లతో మెడ దాకా తడపండి. మేలో తడిగుడ్డ, ఫ్యాన్ చాలినా ఈ తేమలో అది నెమ్మది, ఐసే కావాలి. పారాసిటమాల్ వేయొద్దు, ఇది జ్వరం కాదు, మెదడు పెంచిన వేడి కాదు, మాత్ర దింపలేదు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. నుదుటి మీద పెట్టే తుపాకీ థర్మామీటరు 38 చూపిందని తాత్సారం చేయకండి, చెమట పట్టిన చర్మం మీద అది ఎప్పుడూ తక్కువే చూపుతుంది.

తడిబల్బు

భద్రత గారి మాట సరైనదే. ఒక చేర్పు: ఫ్యాన్ లేకుండా చదివే తడి బల్బుకు వేరే వత్తి పెట్టుకోండి, దుమ్ములో రోజంతా ఉంటుంది కాబట్టి రెండు రోజులకోసారి మార్చాలి. తడి, పొడి అంకెలు రెండూ ఒకటే చూపిస్తే వాన కురుస్తుందని సంబరపడకండి, ముందు సీసా చూడండి, నీళ్లు అయిపోయి ఉంటాయి.