ఆడవాళ్ల పని, మగవాళ్ల పని: మీ ఉద్యోగంలో ఈ గీత ఎక్కడ ఉంది?

రెంచీ:
మెషిన్ షాపులో ఫిట్టర్‌ని. చేరిన కొత్తలో అందరిదీ ఒకటే ప్రశ్న: "బరువులు ఎత్తగలవా అమ్మా?" బరువులకు క్రేన్ ఉంది కదా! అసలు ఇబ్బంది చేతి తొడుగులతో. స్టోర్లో అన్నీ పెద్ద సైజువే. వేళ్ల చివర తొడుగు ఖాళీగా వేలాడుతుంటే చిన్న నట్టు పట్టుకు దొరకదు. మీ అనుభవాలు చెప్పండి.

రాత్రి_డ్యూటీ:
నేను మగ నర్సుని, నాది తలకిందుల కథ. రోగులు నన్ను డాక్టరు అనుకుంటారు, పక్కనున్న డాక్టరమ్మను "సిస్టర్" అంటారు. బరువైన రోగిని పక్కకు తిప్పాలంటే వార్డంతా నన్నే పిలుస్తుంది. అయితే ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయినా ముందు నా పేరే వినిపిస్తుంది, నాకంటే సీనియర్లు ఉండగానే. ఆడవాళ్లు ఎక్కువగా ఉండే ఉద్యోగాల్లో మగవాళ్లు ఇలా త్వరగా పైకి వెళ్లడాన్ని సామాజిక శాస్త్రవేత్త క్రిస్టీన్ విలియమ్స్ 1992లోనే 'గాజు ఎస్కలేటర్' అన్నారు.

సందేహి:
ఎవరికి నచ్చిన పని వాళ్లు ఎంచుకుంటున్నారు. ఎవరూ ఆపడం లేదుగా?

కీబోర్డు:
1940లలో అమెరికాలో తయారైన తొలితరం కంప్యూటర్ ఎనియాక్‌కు తొలి ప్రోగ్రాములు రాసిన ఆరుగురూ మహిళలే. అప్పట్లో అది గుమాస్తా పని కింద లెక్క. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీల్లో మహిళల వాటా 1980ల మధ్యలో దాదాపు 37 శాతానికి చేరి, తరువాత బాగా పడిపోయింది. అంతమందికి ఒక్కసారిగా ఇష్టం చచ్చిపోయిందంటారా?

పాత_ఫైలు:
జీతాల విభాగంలో పనిచేశాను. గీత ఉండేది ఏ పనికి ఎంత జీతమో తేల్చే గ్రేడింగ్ పట్టికలో, అక్కడ ఎవరూ చూడరు. బరువుకు, దుమ్ముకు, యంత్రం బాధ్యతకు పాయింట్లు ఉంటాయి. మండిపడుతున్న కస్టమరును రోజంతా సముదాయించేవారికి సున్నా. 1968లో బ్రిటన్‌లోని డాగెన్‌హామ్ ఫోర్డ్ కర్మాగారంలో కారు సీట్ల కవర్లు కుట్టే మహిళలు సమ్మెకు దిగింది ఇందుకే, వాళ్ల పనిని తక్కువ నైపుణ్యం గ్రేడులో పడేశారు. ఆ సమ్మె ఊపుతో 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. గ్రేడు మాత్రం 1984లో మరోసారి సమ్మె చేస్తే గాని మారలేదు!

సందేహి:
గ్రేడింగ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ పిల్లలు పుట్టాక గంటలు తగ్గించుకునేది ఎక్కువగా తల్లులే, దానికి యజమాని ఏం చేస్తాడు?

పాత_ఫైలు:
గంటలు తగ్గితే జీతం తగ్గడం వేరు, గంటకు ఇచ్చే రేటే తగ్గడం వేరు. నేను చూసిన ఫైళ్లలో రెండూ కలిపేసేవారు. రాత్రి_డ్యూటీ గారూ, మీ ఇన్‌ఛార్జి ఖాళీలకు దరఖాస్తులు పిలుస్తారా?

రాత్రి_డ్యూటీ:
లేదండీ, అంతా నోటిమాటే. నోటీసు బోర్డులో పెట్టమని మా సంఘం రాసి ఇచ్చింది. ఇంకా జవాబు రాలేదు.