ఇంటి సలహా అడిగేవాళ్లకి షరతులు పెట్టాలా, వద్దా?

కాలువగట్టు (భీమవరం)

పోయిన వారం ఈ ఫోరంలో ఒకావిడ "మా గోడ పెచ్చులూడిపోతోంది, ఏం చేయాలి?" అని ఒక్క ముక్క రాశారు. ఫోటో లేదు, ఏ గోడో చెప్పలేదు. అయినా అందరం ఎగబడ్డాం. ఒకరు వాటర్‌ప్రూఫ్ పెయింట్ అన్నారు, ఇంకొకరు మొత్తం చెక్కించేసి మళ్లీ ప్లాస్టరింగ్ చేయించమన్నారు, ఒకాయనైతే ఈశాన్యంలో బరువు తీసేయమన్నాడు. రెండు రోజులు పోయాక తెలిసిన సంగతేంటంటే: ఇల్లు మొగల్తూరు దాటాక సముద్రం వైపు, పెచ్చులు కింద మూడడుగుల వరకే, కట్టినప్పుడు వాడింది ఇంటి బోరు నీళ్లే, ఆ నీళ్లు ఉప్పన. ఇదంతా మొదటే రాసుంటే అన్ని సలహాల్లో ముప్పాతిక వంతు పుట్టేవే కావు.

మన గోదావరి డెల్టాలో పది కిలోమీటర్లు వెళ్తే నీళ్లు మారిపోతాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్ల మీద బతికే ఊరు వేరు, తీరంలో ఉప్పుబోర్ల ఊరు వేరు. పాలకొల్లులో ఒకరికి పనిచేసిన చిట్కా అంతర్వేదిలో పనిచేయాలని ఎక్కడుంది?

అందుకే నా ప్రతిపాదన. ఇంటి సలహా అడిగేవాళ్లు సమస్య ఎక్కడ, ఎప్పటి నుంచి, ఇప్పటిదాకా ఏం చేశారు, నీళ్లు ఏవి అన్నది చెప్పాలి. పని అయ్యాక ఏమైందో వచ్చి రాయాలి. ఇవి లేని ప్రశ్నకి ఎవరూ జవాబు ఇవ్వకూడదు. ఏమంటారు?

సైటు మనిషి (తణుకు)

పూర్తిగా సమర్థిస్తున్నా. ఇళ్ల పనులు చేయించడమే నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

చెమ్మ అనేది ఒక జబ్బు కాదు, నాలుగైదు జబ్బుల లక్షణం. నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా ఉంటే కింద నుంచి పైకి ఎక్కుతోందని మొదటి అనుమానం. పాత ఇళ్లలో పునాదికీ గోడకీ మధ్య చెమ్మ ఆపే పొర ఉండదు. శ్లాబు కింద మచ్చలు కడితే డాబా మీద చూడాలి. గోడ మధ్యలో ఒక్కచోటే ఉంటే అవతలి వైపు బాత్రూమో, లోపల పైపో ఉంటుంది. ఈ మూడింటికీ వైద్యం వేరు. "గోడ పెచ్చులు" అని మాత్రమే రాస్తే మూడింట్లో దేనికి చెప్పాలి?

ఇక ఉప్పు. తెల్లగా పొడిలా పైకి తేలితే లోపల ఉప్పు ఉన్నట్టే. తడి ఎండినప్పుడల్లా ఆ ఉప్పు గడ్డకట్టి ప్లాస్టరింగ్‌ని బయటికి తోస్తుంది. దాని మీద పుట్టీ పెడితే పుట్టీ కూడా దానితోపాటే ఊడి వస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటుకి వాడే నీళ్లలో లీటరుకి 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే) ఉండకూడదు. ఇనుము లేని కాంక్రీటుకి 2000 దాకా ఒప్పుకుంటారు. నోట్లో పోసుకుంటే ఉప్పగా తెలిసే నీళ్లతో పిల్లర్లు పోసేవాళ్లని నేను చాలామందిని చూశాను. వాళ్లు అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ "ఏ కంపెనీ పెయింట్ మంచిది?" అనే.

ఇంకో సంగతి, బయటివాళ్లకి తట్టనిది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కాలువ పక్క ఊళ్లలో భూమిలో నీరు దిగుతుంది, గోడ దానంతటదే ఎండుతుంది. సరిగ్గా అప్పుడే రంగు వేయించి "ఫలానా రంగుతో తగ్గిపోయింది" అని ఇక్కడ రాస్తారు. జూన్‌లో నీళ్లు వదిలి, వానలు మొదలయ్యాక అదే గోడ ఏమైందో ఎవరూ రాయరు. అందుకే ఏ నెలలో చేయించారో కూడా అడగాలంటాను.

లంక కోడలు (రాజోలు వైపు)

నేను ఒప్పుకోను.

మీరిద్దరూ మగవాళ్లు అనుకుంటున్నా, తప్పైతే చెప్పండి. మా ఊరి పేరు, గోడ ఫోటో, కట్టి ఎన్నేళ్లయిందో రాస్తే సాయంత్రానికల్లా అమలాపురంలో మా మేనత్తకి తెలుస్తుంది. రాత్రికి మా అత్తగారికి ఫోను. "మన ఇంటి గోడ కూలిపోతోందని నీ కోడలు ఊరంతా చెప్పుకుంటోందట కదా" అని. కోనసీమలో ఎవరి ఇల్లు ఏదో తెలియనిదెవరికి? వంటింట్లో నాచు పట్టిందనో, ఫ్రిజ్ వాసనొస్తోందనో అడిగినా అంతే, "శుభ్రం చేయదు కాబోలు" అనే మాట వచ్చేస్తుంది.

ఆడవాళ్లు ఒక్క ముక్కలో ఎందుకు అడుగుతారో ముందు ఆలోచించండి. పొయ్యి మీద కూర ఉంటుంది, పక్కన పిల్లాడుంటాడు. మీకు వివరాలు కావాలంటే తిరిగి అడగండి. అడిగినవాళ్లకే మర్యాద నేర్పుతున్నారు, చెప్పేవాళ్లకి అక్కర్లేదా? "ముందు వెతుక్కుని రండి", "ఇది కూడా తెలీదా" అన్నవాళ్ల మీద ఏ షరతూ లేదేం?

కాలువగట్టు

కోడలుగారూ, ఊరి పేరు రాయమని నేను అనలేదండి. "సముద్రానికి దగ్గర", "కాలువ గట్టు మీద", "లంక" అంటే చాలు. ఫోటోలో గోడ ఒక మూర కనిపిస్తే చాలు, వీధి గుమ్మం అక్కర్లేదు.

లంక కోడలు

మీరు అనకపోయినా జవాబిచ్చేవాళ్లు అడుగుతారండి. పోయినసారి నీళ్ల మోటారు గురించి అడిగితే ఇల్లు సొంతమా, అద్దెకా, ఎవరు కట్టారు, మీవారేం చేస్తారు అని అడిగారు. మోటారుకి మావారి ఉద్యోగంతో పనేంటి?

సైటు మనిషి

ఇది మాత్రం నిజం.

తీరం ఇల్లు

ఆ గోడ ప్రశ్న నాదే. పేరు పెట్టకుండా రాశాను, ఇప్పుడు కూడా పెట్టను.

ఆ రోజు సంగతి చెప్తాను. మావారు కువైట్‌లో ఉంటారు. తాపీమేస్త్రి పొద్దున్నే పుట్టీ డబ్బాలతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "మొదలెట్టమంటారా, వేరే పనికి పొమ్మంటారా?" అన్నాడు. టీ పెడుతూ రాశాను ఆ ఒక్క ముక్క. కొలతలు తీసి, ఫోటో తీసి, ఎప్పుడు కట్టామో మామగారిని అడిగి రాసే టైమ్ ఎక్కడుంది? టెన్షన్‌లో ఉన్నప్పుడు ఏది ముఖ్యమో నాకేం తెలుసు? ఉప్పునీళ్లకీ గోడకీ సంబంధం ఉందని తెలిస్తే అసలు అడిగేదాన్నే కాదు కదా.

మీరందరూ ఎన్నో మందులు చెప్పారు. "ఇవాళ్టికి ఆపించండి, రెండు విషయాలు చెప్పండి" అని ఒక్కరు అనలేదు. మేస్త్రి టీ తాగి పని మొదలెట్టేశాడు.

పెద్దమ్మ (పాలకొల్లు)

అమ్మాయి చెప్పింది నాకు నచ్చింది. ఏది చెప్పాలో తెలిసినవాళ్లకి సలహాతో పనేముంది?

నేను గోడల మనిషిని కాదు, ఆవకాయ మనిషిని. వేసవి వచ్చిందంటే "ఆవకాయ మీద బూజు వచ్చింది, ఏం చేయాలి పెద్దమ్మగారూ" అని అడుగుతారు. ముక్కలు తుడిచి ఆరబెట్టారా, జాడీలో తడి ఉందా, పప్పునూనె ముక్క మునిగేలా పోశారా అని నేనే అడుగుతాను. అడగడం నా పని. డాక్టరు దగ్గరికి వెళ్లి "కడుపు నొప్పి" అంటే ఆయనే కదా నాలుగు ప్రశ్నలు వేసేది.

కానీ జవాబు చెప్పేవాళ్ల నిర్లక్ష్యం మాత్రం భరించలేను. "ముక్కలకి సోలెడు ఉప్పు" అని రాసేస్తారు. ఎన్ని ముక్కలకి? కల్లుప్పా, మెత్తటి ఉప్పా? ఒకే సోలలో కల్లుప్పు పోస్తే గళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, మెత్తటిది దట్టంగా దిగి ఎక్కువ తూగుతుంది. ఆ కాలం వాళ్లకి ఉప్పంటే కల్లుప్పే, చెప్పక్కర్లేదు. ఇప్పటి పిల్ల ప్యాకెట్ ఉప్పు సోలతో కొలిచి పోస్తే నోట పెట్టుకోలేదు. ఆ సోల కూడా ఇంట్లో ఉండదు, స్టీలు గ్లాసు తీస్తుంది. తూకం చెప్పడం రాకపోతే ఊరుకోవాలి.

ల్యాబు తమ్ముడు

పెద్దమ్మగారు అన్నదాన్నే నీళ్ల విషయంలో చెప్తాను, ఇది ఉప్పు ఎక్కువైనంత తేలిక కాదు.

2022 జులై వరదలు గుర్తున్నాయి కదా. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి, లంకలన్నీ నీళ్లలో ఉన్నాయి. వరద తీశాక ఎక్కడ చూసినా ఒకే ప్రశ్న: "నూతి నీళ్లు వాడొచ్చా?" ఒకే జవాబు: "బ్లీచింగ్ వేయండి." ఎంత? చారెడు అన్నవాళ్లున్నారు, ప్యాకెట్ అన్నవాళ్లున్నారు.

మామూలు రోజుల్లో లెక్క 1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ రెండున్నర గ్రాములు. వేసి కలిపాక కనీసం గంట ఆగాలి. మీటరు వెడల్పు వరల నూతిలో మూడు మీటర్ల నీళ్లుంటే సుమారు 2,350 లీటర్లు. అదే రెండు మీటర్ల వెడల్పైతే 9,400. వెడల్పు రెట్టింపైతే నీళ్లు నాలుగింతలు. "మా నుయ్యి" అంటే ఏ నుయ్యి అని అడగకుండా జవాబు ఎలా ఇస్తారు? పైగా కొత్త పౌడర్‌లో పనిచేసే క్లోరిన్ మూడో వంతు దాకా ఉంటుంది. మూత తీసి చెమ్మగాలిలో పెట్టిన పౌడర్‌లో అది తగ్గిపోతూ ఉంటుంది. వరద నీరు దిగిన నూతికి ఈ మామూలు లెక్క చాలదు. ముందు బురద నీళ్లు తోడించాలి, డోసు ఆరోగ్య సిబ్బంది చూసి చెప్పాలి.

ఇంకొకటి. బాత్రూమ్ మరకలకి "బ్లీచింగ్‌లో యాసిడ్ కలిపి పోయండి, దెబ్బకి పోతాయి" అని ఇక్కడే చదివాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపులేసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి జవాబు కనపడితే మర్యాద చూడకుండా తీసేయాలి. గ్యాస్ సిలిండర్ లీకైన వాసనొస్తోందని ఇక్కడ అడిగినవాళ్లకి కూడా చర్చ అనవసరం. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

సైటు మనిషి

తీరం ఇంటి అమ్మగారికి: పుట్టీ పెట్టేశారు కాబట్టి ఇప్పుడు దాని మీద ఆయిల్ పెయింట్ మాత్రం వేయించకండి. పైన దారి మూసేస్తే చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. కాలువలు కట్టేసే దాకా ఆగి, ఊడిన మేర ఇటుక కనపడేదాకా గీకించి, ఉప్పు పొడిబ్రష్‌తో దులిపించండి. తడిగుడ్డ పెట్టొద్దు, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ప్లాస్టరింగ్‌కి బోరు నీళ్లు కాకుండా మంచినీళ్లు ట్యాంకరు తెప్పించండి. కింద నుంచి చెమ్మ ఆపాలంటే అది వేరే పని, గోడ చూడకుండా చెప్పను.

వరికోత

షరతుల సంగతి సరే, చాటుగా మెసేజ్ పెట్టి "మేం వాటర్‌ప్రూఫింగ్ చేస్తాం, చూసి వెళ్తాం" అనేవాళ్ల సంగతేంటి? పైన సలహా ఇచ్చేదీ వాళ్లే. వ్యాపారం ఉంటే ఉందని ముందే చెప్పాలి. సైటు మనిషి చెప్పాడు, మిగతావాళ్లు చెప్పరు.

కాలువగట్టు

అందరివీ చదివాను. నా ప్రతిపాదన కొంత మారుస్తున్నాను. వివరాలు లేని ప్రశ్నని తీసేయొద్దు. కానీ దానికి మొదటి జవాబు మందు కాకూడదు, ప్రశ్నే కావాలి. పని మొదలవబోతోందని తెలిస్తే "ఆపండి" అనాలి. వివరాలు వచ్చేదాకా ఎవరూ చిట్కా రాయకూడదు. అడిగినావిడ పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల సంగతులు అడగకూడదు. కొలతలు, తూకాలు లేని జవాబు రాయకూడదు.

రెండో షరతు మాత్రం వదలను. ఏమైందో వచ్చి రాయాల్సిందే. లేకపోతే వచ్చే ఏడు ఇదే ప్రశ్నకి ఇవే తప్పు జవాబులు వస్తాయి.

లంక కోడలు

మొదటిది ఇప్పుడు బాగుంది, ఒప్పుకుంటున్నా.

రెండోది కుదరదండి. "మీరు చెప్పింది చేశాం, పని చేయలేదు" అని వచ్చి రాసినవాళ్లకి ఇక్కడ ఏం జవాబొచ్చిందో పాతవి తీసి చూడండి. "మీరు సరిగ్గా చేసుండరు" అనే. ఒకాయనైతే నెల తర్వాత కూడా వాదిస్తూనే ఉన్నాడు. పనిచేయలేదని చెప్పి మాటలు పడటం కంటే ఊరుకోవడం నయం అనుకుంటారు ఎవరైనా. పనిచేసిందని రాసినవే మిగులుతాయి, అవి చదివి సైటు మనిషి చెప్పినట్టు వేసవి రంగునే అందరూ కొంటారు. తప్పనిసరి చేస్తే సగం మంది అబద్ధం రాస్తారు.

పెద్దమ్మ

మరైతే కాలువగట్టు బాబూ, ఇలా పెట్టు. పనిచేయలేదని రాసినవాళ్లతో ఎవరూ వాదించకూడదు, ఎందుకు కాలేదో అడగొచ్చంతే. అది ఒక ఏడాది నడవనీ. ఫలితం రాయాలా వద్దా అన్నది అప్పుడు తేలుద్దాం.

కాలువగట్టు

ఏడాది ఎక్కువ పెద్దమ్మగారూ. సంక్రాంతి దాకా చూద్దాం. ఈలోగా చాటుగా మెసేజ్‌లు పెట్టే వ్యాపారస్తుల గురించి వరికోత వేరే చర్చ మొదలెడితే అక్కడ మాట్లాడుకుందాం.