సమస్య: బంతి తాకని వానికే పట్టమయ్యె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య పాదం ఇది, దీని ముందు మూడు పాదాలు కట్టి మీరు పూరించాలి. నిన్న పాత మ్యాచ్ ఒకటి మళ్లీ చూస్తుంటే తట్టింది.

బంతి తాకని వానికే పట్టమయ్యె

ఒకటే షరతు. పూరణ ఫుట్‌బాల్ దాటి పోకూడదు, అందులోనూ డిఫెన్స్ గురించే ఉండాలి. గోలు కొట్టేవాళ్ల మీద మన దగ్గర పద్యాలు కుప్పలుగా ఉన్నాయి. ఆపేవాళ్లకి దక్కినవి చాలా తక్కువ.

యతిమైత్రి: "బంతిఁ దాకని" అనాలి కదా? సరళం లేకుండా వదిలేశారేం?

నిర్వాహకుడు: తెలిసే వదిలాను. దకారం పెడితే బంతి కర్మగానే మిగిలిపోతుంది. ఇలా ఉంటే కర్త కూడా కావచ్చు. ఆ తలుపు పూరించేవాళ్ల కోసమే తెరిచి ఉంచాను.

ఆఖరి గీత: నాది ముందుగా.

ఇద్ద రెదురుగ వచ్చిన నేమి భయము
నడుమ వెనుకకు వాన్‌డైకు నడచి నడచి
యెడమ కాలికె వదలగ నెగసె పైకి
బంతి తాకని వానికే పట్టమయ్యె

2019 మార్చి 31, ఆన్‌ఫీల్డ్, లివర్‌పూల్ మీద టాటెన్‌హామ్. స్కోరు ఒకటి ఒకటి, ఆట చివరికి వచ్చేసింది. టాటెన్‌హామ్ వైపు నుంచి సిసోకో బంతితో వస్తున్నాడు, పక్కన సన్. ఎదురుగా ఉన్న లివర్‌పూల్ డిఫెండర్ వాన్ డైక్ ఒక్కడే. సన్ కాలికి బంతి అందితే గోలే. అందుకని వాన్ డైక్ ఆ పాస్ దారి మూసి, సిసోకో మీదికి దూకకుండా వెనక్కి వెనక్కి జరిగాడు. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో కొట్టక తప్పని చోటికి తెచ్చాడు. షాట్ బారు మీదుగా పోయింది. కాసేపటికే అవతలివాళ్ల సెల్ఫ్ గోల్‌తో లివర్‌పూల్ గెలిచింది. ఆ సీజన్‌కి ఇంగ్లండ్ ఆటగాళ్లంతా ఓటు వేసి ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డు ఆయనకే వచ్చింది. పట్టం అంటే నేను చెప్పింది అదే.

నాలుగో గణం: "నేమి"లో యతి ఎక్కడుంది? పాదం మొదటి ఇకారానికి నకారంతో మైత్రా?

ఆఖరి గీత: వచ్చినన్ + ఏమి. సంధి విడదీస్తే ఏకారం. మూడో పాదంలో "నెగసె"ని వదిలేసి మొదటి పాదాన్నే పట్టుకున్నారు. అక్కడా జరిగింది ఇదే.

నాలుగో గణం: సంధి మీద రెండుసార్లు ఆనుకున్నారని చెబుతున్నాను, తప్పని కాదు. అసలు లోపం వేరే ఉంది. "యెడమ కాలికె వదలగ" అన్నారు. ఎవరి ఎడమకాలు? ఏం వదిలాడు? మీ వచనం తీసేస్తే పద్యం ఒంటికాలి మీద నిలబడుతుంది.

వల వెనుక: ఆ మాట నిజమే గానీ, "నడచి నడచి" దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఘట్టంలో వాన్ డైక్ చేసిన పనంతా ఆ రెండు మాటల్లో ఉంది. వేరే డిఫెండర్ అయితే మొదటి క్షణంలోనే దూకేవాడు. దూకితే పాస్ వెళ్లిపోయేది. ఇలా జరిగే కొద్దీ పరుగెత్తేవాడికి చోటు తగ్గింది, ఆలోచన పెరిగింది. ఒక్కడు ఇద్దరినీ ఆపగలిగింది ఇందుకే.

ఆఖరి గీత: ధన్యవాదాలు. నాలుగో గణం గారికి ఒక మాట. పద్యం తనంతట తాను నిలబడాలంటున్నారు, బాగుంది. మరి పోయిన నెల "చూపు తోడనె శత్రువు చూర్ణమయ్యె" సమస్యకి మీరు ఇంగ్లండ్ కెప్టెన్ బాబీ మూర్‌ని తెచ్చారు గుర్తుందా? 1970 వరల్డ్ కప్, గ్వాదలహారా, బ్రెజిల్ ఆటగాడు జైర్జిన్యో నుంచి బంతి లాక్కున్న ఆ ట్యాకిల్. అది చూపుతో చేసింది కాదు, కాలితో చేసింది. పైగా చూర్ణమైంది ఎవరు? ఆ మ్యాచ్ ఒకటికి సున్నతో బ్రెజిల్‌దే, ఆ ఒక్క గోలూ జైర్జిన్యోదే.

నాలుగో గణం: గోలు ఎవరు కొట్టారో తెలియక రాశాననుకుంటున్నారా? ఆ ట్యాకిల్ మళ్లీ చూడండి. జైర్జిన్యో పూర్తి వేగంతో గోలు ముందరి బాక్సులోకి వస్తుంటే మూర్ దూకలేదు. ఎదురుగా ఉండి, ఆయన బంతిని కాస్త ముందుకు తోసే ఆ ఒక్క అడుగు కోసం చూస్తూ ఉన్నాడు. కాలు వేసింది ఆఖరున. చూపంటే అదే. తీసుకున్న బంతిని బయటికి తన్నేయలేదు, కాళ్ల దగ్గరే పెట్టుకుని ముందుకు నడిచాడు. ఓడిన మ్యాచ్‌లోని ట్యాకిల్‌ని ఇన్నేళ్లయినా తలుచుకుంటున్నారంటే, డిఫెండర్ విలువని స్కోరు బోర్డు చెప్పదని అర్థం కావాలి. మీ లెక్కన చూస్తే, ఓడిన జట్టు డిఫెండర్ మీద పద్యమే రాయకూడదు.

నిర్వాహకుడు: మూర్ పద్యం ఆ వారంలోనే తేలిపోయింది. ఈ పాదానికి రండి.

వల వెనుక: నిర్వాహకుల వారు తెరిచి ఉంచిన తలుపు లోంచి వచ్చాను.

ముందు కన్నవారో గోడ మొలిచి యుండ
ఇట్టి యండను బుఫ్ఫోను కెవరు సాటి
ఆట సాగుచు నుండగా నతని వలను
బంతి తాకని వానికే పట్టమయ్యె

2006 వరల్డ్ కప్. ఇటలీ గోలీ బుఫ్ఫోన్, ముందు కెప్టెన్ కన్నవారో. మొత్తం టోర్నీలో ఇటలీ వలలో పడ్డవి రెండే.

యతిమైత్రి: "వలను" మూడో పాదం చివర పెట్టి బంతిని కర్తని చేశారు. ఈ వారం దీన్ని మించిన విరుపు రావడం కష్టం.

ఆఖరి గీత: విరుపుకి నా నమస్కారం. కానీ "అతని వలను", వెంటనే "వానికే". ఒకే మనిషికి రెండు సర్వనామాలు. "తన" అని ఉండాలి. దాని కంటే పెద్ద చిక్కు "ఆట సాగుచు నుండగా". ఆ రెండింటిలో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ పెనాల్టీ సరే, అది ఆగిన ఆట. అమెరికా మ్యాచ్‌లో ఇటలీవాడే అయిన జక్కార్డో సెల్ఫ్ గోల్ ఆట సాగుతుండగానే కదా వలను తాకింది? ఒక్క మాటకి పద్యం అబద్ధమైపోయింది.

వల వెనుక: నా ఉద్దేశం, ఎదుటి జట్టువాడు ఆట నడుస్తుండగా ఒక్కటీ వేయలేదని.

ఆఖరి గీత: ఉద్దేశం గొప్పది. అది పాదంలోకి రావాలి. ఇలా చూడండి:

ధాటి గల వారి దాడిలో తనదు వలను

పెనాల్టీ దాడిలోకి రాదు, సెల్ఫ్ గోల్ వాళ్లు వేసింది కాదు. తన, వాడు గొడవ కూడా తీరింది.

నాలుగో గణం: సవరణ బాగుంది, ఎవరు చేసినా. నా సందేహం పట్టం గురించి. ఆ ఏడు ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు కన్నవారోది. బుఫ్ఫోన్ రెండో స్థానం. గోడకి వచ్చిన పట్టాన్ని వెనకున్నవాడికి కట్టబెడితే ఎలా?

వల వెనుక: ఆ వరల్డ్ కప్పులో ఉత్తమ గోలీకిచ్చే యాషిన్ అవార్డు బుఫ్ఫోన్‌దే. పట్టం అక్కడుంది. కన్నవారోని నేను తక్కువ చేయలేదు, మొదటి పాదమే ఆయనది. జర్మనీతో సెమీఫైనల్ ఆఖరి నిమిషం చూడండి. బాక్సులోకి వచ్చిన బంతిని తలతో బయటికి కొట్టాడు. అక్కడే ఆగిపోతే అదే ఎక్కువ. కానీ ఆ బంతి నేలకి దిగేలోపే ముందుకు ఉరికి మళ్లీ తనే అందుకున్నాడు. అక్కడి నుంచి కదిలిన బంతే అటు చివర డెల్ పియెరో రెండో గోలైంది. సెంటర్ బ్యాక్‌లలో, అంటే నడిమి డిఫెండర్లలో, పొట్టివాడే. ఎత్తుతో రానిది ముందుగా కదలడంతో తెచ్చుకున్నాడు.

యతిమైత్రి: "కన్నవారో" అన్న పేరు గణాల్లో అంత సాఫీగా ఒదగడం మన అదృష్టం. ఇదిగో నాది.

నలుగు రొకసారి ముందుకు నడచినంత
చేయి యెత్తె బరేజియు జెండ యెగసె
గోలు కొట్టిన వారికి గోల మిగిలె
బంతి తాకని వానికే పట్టమయ్యె

వల వెనుక: ఆఫ్‌సైడ్ ఉచ్చు! పాస్ వచ్చే క్షణానికి డిఫెండర్లు ముందుకు జరిగి స్ట్రైకర్‌ని తమ వెనక వదిలేస్తే అతని గోలు చెల్లదు. చే, జెండ యతి చదివి లేచి నిలబడ్డాను. చేయి పైకెత్తి లైన్స్‌మన్ వైపు చూసే మిలాన్ కెప్టెన్ బరేజీ కళ్లకి కట్టాడు.

ఆఖరి గీత: మూడో పాదం అందరి నోటా ఉంటుంది. నాకు మాత్రం మొదటి పాదమే ఎక్కువ నచ్చింది. చేయి ఎత్తడం చివర కనిపించేది. అసలు పని "ఒకసారి" అన్న మాటలో ఉంది. టాసొట్టి, కోస్టకుర్తా, బరేజీ, మాల్దీని. ఆ నలుగురిలో ఒక్కడు అర అడుగు వెనకబడ్డా స్ట్రైకర్ ఆన్‌సైడ్ అయిపోతాడు, గోలీ ఒంటరి అయిపోతాడు. కోచ్ సక్కీ చేత సాధన చేయించుకున్న ఆ వరస మిలాన్‌లో తరవాతి కోచ్ కపెల్లో కాలానికీ నిలిచింది. 1993-94 లీగ్‌లో 34 మ్యాచ్‌లకి పడ్డవి 15 గోళ్లే. కొట్టినవి కూడా 36 మాత్రమే, అయినా టైటిల్ వాళ్లదే.

కొత్త కలం: ఆ ఏడాది మీదే నా పూరణ. మొదటిసారి రాస్తున్నాను.

తుది సమరమున కెప్టెను దూరమైన
మాల్దీని నడుమ కొచ్చెను మాట నిలిపె
నాలుగింటికి సున్నతో నాడు గెలువ
బంతి తాకని వానికే పట్టమయ్యె

1994 మే, ఏథెన్స్‌లో బార్సెలోనాతో మిలాన్ ఆడిన యూరప్ ఫైనల్. బరేజీ, కోస్టకుర్తా ఇద్దరూ సస్పెన్షన్‌లో ఉన్నారు. బంతి తాకకుండానే బరేజీ యూరప్ విజేత అయ్యాడు.

నాలుగో గణం: రెండో పాదం మొదటి గణంలో రెండు గురువులు. "కొచ్చెను" వాడుక మాట, పద్యంలో పంటి కింద రాయిలా తగులుతుంది.

ఆఖరి గీత: పైగా ఆ రాత్రి కెప్టెన్ పట్టీ టాసొట్టిది.

యతిమైత్రి: ఊహ ఎంత బాగుందో ముందు చెప్పండి, గురువులు తరవాత లెక్కపెడదాం. "తాకని వాడు" అంటే మైదానంలోనే లేనివాడని మనలో ఎవరికీ తట్టలేదు. బరేజీ ఆ ఏడంతా నిలబెట్టిన వరసలోనే మాల్దీని ఎడమ వైపు నుంచి మధ్యకి వచ్చి, డిఫెండర్ గాల్లి పక్కన నిలిచి, రొమారియో, స్టొయిచ్కోవ్ ఉన్న జట్టుని సున్నాకి ఆపాడు. అందుకని బరేజీకి ఆ పట్టంలో వాటా ఉంది. పాదం ఇలా మార్చుకోండి:

నడిమి కోటకు మాల్దీని నడచి వచ్చె

కొత్త కలం: తీసుకున్నాను. చాలా సంతోషం.

నాలుగో గణం: నేను పేర్లు లేకుండా రాశాను. బంతి తాకని డిఫెండర్లు ఎక్కువమంది పేర్లు మనకి తెలియవు.

కాలు దువ్వక నిలిచెను కాలమెరిగి
దూకు వానికి దారియె దొరకనీక
మూల దిక్కుకు నడిపెను ముచ్చటగను
బంతి తాకని వానికే పట్టమయ్యె

ఆఖరి గీత: మొదటి పాదం చాలా బాగుంది. ట్యాకిల్‌కి తొందరపడకపోవడాన్ని "కాలు దువ్వక" అనడం మీకే తట్టాలి. కానీ "ముచ్చటగను" పాదం నింపడానికి వచ్చిన మాట. మైదానం అంచున పరుగెత్తే వింగర్‌ని మూలకి తీసుకుపోవడంలో ముచ్చట ఏముంది? అది చెమటోడ్చే పని.

వల వెనుక: "మొగము జూచి" అంటే?

ఆఖరి గీత: అది అసలు కుదరదు. డిఫెండర్ ముఖం చూశాడా, అయిపోయాడు. కళ్లతో, భుజాలతోనే కదా మోసం చేసేది. బంతినీ నడుమునీ చూడాలి. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు.

యతిమైత్రి: "ముడిచి మేను". మోకాళ్లు వంచి, ఒళ్లు దించి, పక్కకి తిరిగి నిలబడతాడు కదా. నిటారుగా ఉన్నవాడు దిశ మార్చేలోపే బంతి దాటిపోతుంది.

నాలుగో గణం: ఒప్పుకున్నాను. అలాగే ఉంచుతున్నాను.

మూల దిక్కుకు నడిపెను ముడిచి మేను

ఆఖరి గీత: ఇప్పుడు ఆ పద్యంలో ఒక్క మాట కూడా కదపలేం. మూర్ పద్యం కంటే ఇది మేలు.

నాలుగో గణం: మూర్ పద్యం కూడా మేలైనదే.

నిర్వాహకుడు: వచ్చే వారం కందం. పాదం ఆదివారం పెడతాను, ఈసారి పెనాల్టీ ఎదుర్కొనే గోలీ మీద.