డయాలసిస్ తర్వాత మర్నాటిదాకా నీరసం: మామూలేనని వదిలేయవచ్చా?

ప్రశ్న
మా నాన్నగారికి చాలాకాలంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలపాటు హీమోడయాలసిస్ జరుగుతోంది. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా మంచం మీద వాలిపోతారు; మర్నాడు మధ్యాహ్నం దాటితే గానీ మామూలు మనిషి కారు. రక్తం తక్కువై ఉంటుందని అందరూ అంటున్నారు గానీ, హిమోగ్లోబిన్ 10.8 ఉంది. ఆయన డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) 55 కిలోలు; ప్రతిసారీ దాదాపు మూడున్నర కిలోలు పెరిగి వెళ్తారు. ఇంతకు మించి చేయగలిగింది లేదా?

జవాబు (డయాలసిస్ నర్సు)
ఉందండీ, మీరు రాసిన అంకెల్లోనే ఉంది. మూడున్నర లీటర్ల నీటిని నాలుగు గంటల్లో తీయాలంటే గంటకు 875 మిల్లీలీటర్లు, అంటే ఆయన బరువులో ప్రతి కిలోకు గంటకు దాదాపు 16 మిల్లీలీటర్లు. ఇది 13 దాటితే గుండెకు ముప్పు పెరుగుతున్నట్టు పరిశోధనల్లో కనిపించింది. మెషిన్ నీటిని తీసేది రక్తంలో నుంచే. ఒంట్లో పేరుకున్న నీరు ఆ లోటును పూడ్చేందుకు రక్తనాళాల్లోకి మెల్లగా వస్తుంది. తీసే వేగం దీనికంటే ఎక్కువైనప్పుడు బీపీ పడిపోతుంది, గుండె కండరానికి అందే రక్తం కాసేపు తగ్గుతుంది. తర్వాత మనిషి అంతగా సోలిపోవడానికి ఇదొక పెద్ద కారణం. డ్రై వెయిట్ మరీ తక్కువగా పెట్టినా పిక్కలు పట్టేసి ఇలాగే నీరసిస్తారు కాబట్టి, దాన్ని మళ్లీ చూడమని డాక్టరుగారిని అడగండి. డయాలసిస్ ద్రవం వేడిని అర డిగ్రీ తగ్గిస్తే కొందరికి బీపీ నిలకడగా ఉంటుంది. అది కూడా అడగదగినదే.

జవాబు (డయాలసిస్ చేయించుకుంటున్న వ్యక్తి)
డాక్టరుగారు అడిగినప్పుడు మనలో చాలామందిమి "బాగానే ఉందండీ" అని ఊరుకుంటాము, అక్కడే నష్టం జరుగుతుంది. దానికి బదులు, డయాలసిస్ అయ్యాక తేరుకోవడానికి ఎన్ని గంటలు పట్టిందో ప్రతిసారీ రాసిపెట్టి చూపించండి. పరిశోధకులు కూడా రోగులను అడిగేది ఈ ఒక్క ప్రశ్ననే. డాప్స్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో సుమారు నాలుగో వంతు మందికి ఆరు గంటలకు పైగా పట్టింది. పన్నెండు గంటలు దాటినవారిలో ఆసుపత్రిలో చేరడమూ మరణాలూ ఎక్కువగా కనిపించాయి. మీ నాన్నగారు ఈ చివరి గుంపులోకే వస్తారు కనుక, దయచేసి దీన్ని వయసు మీదికో బద్ధకం మీదికో నెట్టవద్దు.

జవాబు (మూత్రపిండాల వైద్యుడు)
10.8 ఉన్నప్పుడు హిమోగ్లోబిన్‌ను ఇంకా పెంచాలని పట్టుబట్టకండి. ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్లతో దాన్ని 13 దాకా తీసుకెళ్లిన పరిశోధనల్లో మేలు కంటే హానే ఎక్కువ కనిపించింది. రాత్రి నిద్ర ఎలా ఉంది, కాళ్లు లాగి కదపకుండా ఉండలేకపోతున్నారా, దిగులుగా ఉంటున్నారా అన్నవి మాత్రం తప్పక కనుక్కోండి. వీటికి చికిత్స ఉంది. ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం తోడైతే తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా వెంటనే చూపించాలి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. నీటిని మెల్లగా తీసేలా డయాలసిస్ సమయం పెంచుదామంటే, "ఇంకో గంట ఆ కుర్చీలోనా" అని నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (డయాలసిస్ నర్సు)
ఆయన బాధ న్యాయమైనదే, బలవంతం చేయకండి. ముందు అరగంట పెంచడానికి మాత్రం ఒప్పించి, మరోవైపు ఉప్పు తగ్గించండి. ఉప్పు తగ్గించకుండా నీళ్లు తాగవద్దని ఎంత కట్టడి చేసినా దాహం ఆగదు, ఇంట్లో గొడవలు మాత్రం మిగులుతాయి. పెరిగే బరువు మూడు కిలోలకు దిగి, సమయం నాలుగున్నర గంటలైతే, లెక్క కిలోకు గంటకు 12 మిల్లీలీటర్లకు వస్తుంది. ఆపైన ఆయన తేరుకునే గంటలు తగ్గుతున్నాయో లేదో కొన్ని వారాలపాటు రాసి చూడండి. తగ్గితే, మిగతా అరగంట సంగతి ఆయనే ఆలోచిస్తారు.