లోటు వస్తే దేన్ని కొయ్యాలి: జీతమా, బడి రోజా, పోస్టా?

హోనలూలు నాన్న:

మా బావమరిది పాలమూరు వైపు సర్కారు టీచరు. మొన్న పండక్కి కలిసినప్పుడు మా ఇద్దరికీ గట్టిగానే వాదన జరిగింది. ఇంట్లో తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

2009లో మేం హవాయిలో ఉండేవాళ్ళం. పెద్దమ్మాయి అక్కడి ప్రభుత్వ బడిలో మూడో తరగతి. ఆర్థిక మాంద్యం దెబ్బకు రాష్ట్ర రాబడి పడిపోయింది. గవర్నర్ లిండా లింగిల్ ఖర్చు తగ్గించాల్సిందే అన్నారు. టీచర్ల యూనియన్ ఓటేసి మరీ ఒప్పుకుంది. ఏడాదికి 17 రోజులు బడి ఉండదు, ఆ రోజులకు జీతం ఉండదు, ఉద్యోగం మాత్రం ఉంటుంది. దాన్నే ఫర్లో అంటారు. టీచర్ల జీతంలో దాదాపు 8 శాతం పోయింది. ఎక్కువగా శుక్రవారాలే మూసేవాళ్ళు కాబట్టి ‘ఫర్లో ఫ్రైడే’ అని పేరు పడింది. బడి రోజులు 163కి దిగాయి. అమెరికా మొత్తంలో అప్పటికి అదే తక్కువ. సుమారు 1,70,000 మంది పిల్లలు.

మొదటి శుక్రవారం అక్టోబర్ 23. నేనూ మా ఆవిడా ఇద్దరం పనికి పోవాలి. పిల్లను ఆఫీసుకు తీసుకెళ్ళి నా టేబుల్ పక్కన దుప్పటి పరిచి కూర్చోబెట్టాను. ఎక్కాలు రాసుకోమంటే ఏడో ఎక్కం మూడుసార్లు రాసి నిద్రపోయింది.

బావమరిది ఏమన్నాడంటే, “మన దగ్గర ఎంత లోటున్నా అలా చెయ్యరు, బడి తెరిచే ఉంటుంది.” ఆ మాట నాకు మింగుడు పడలేదు. మీరేమంటారు?

రిటైర్డ్ హెచ్ఎం:

బాబూ, మన దగ్గర కోత పడలేదనడం సరికాదు. 2020 మార్చి జీతం గుర్తుందా? కరోనా లాక్‌డౌన్ పెట్టిన వారానికే తెలంగాణలో ఉద్యోగుల జీతంలో సగం ఆపేశారు. మూడు నెలలు అలాగే సాగింది. నేను అప్పటికి సర్వీసులోనే ఉన్నాను. ఇంటి లోను ఈఎంఐ ఆ సగంలోంచే కట్టాను. ఆంధ్రప్రదేశ్‌లోనూ మార్చి, ఏప్రిల్ జీతాలు ఇలాగే వాయిదా వేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆపిన జీతాన్ని 6 శాతం వడ్డీతో ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది. జీతం దయ కాదు, హక్కు. తర్వాత మాకూ బకాయిలు విడతలుగా వచ్చాయి.

ప్రైవేటు టీచర్ల సంగతి ఇంకా ఘోరం. ఏడాది పాటు జీతం లేక కూరగాయలమ్మినవాళ్ళున్నారు, ఉపాధి పనికి పోయినవాళ్ళున్నారు. 2021 ఏప్రిల్ నుంచి వాళ్ళకు ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. మా వీధిలో ఇంగ్లిష్ చెప్పే ఒకాయన రేషన్ షాపు దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. అది నేను మరిచిపోలేను.

నా మాట సూటిగా చెప్తాను. లోటు పూడ్చడానికి టీచర్ జీతం ముట్టుకోకూడదు, బడి రోజూ ముట్టుకోకూడదు. విద్యాహక్కు చట్టం ఐదో తరగతి దాకా 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు బడి నడవాలంటోంది.

లెక్కల మనిషి:

హెచ్ఎం సార్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. నేను ప్రభుత్వ లెక్కలు చూసే పనిలో ఉన్నాను. విద్యకిచ్చే డబ్బులో సింహభాగం జీతాలకే పోతుంది. జీతం ముట్టుకోవద్దు, రోజు ముట్టుకోవద్దు, పోస్టు ముట్టుకోవద్దంటే ఇక మిగిలేది సుద్దముక్కల ఖర్చు.

ఎనిమిది మంది పిల్లలున్న బడి అనుకోండి. టీచర్ జీతం నెలకు 70,000 అనుకుందాం. ఏడాదికి 8,40,000. ఒక్కో పిల్లాడి మీద లక్ష దాటింది. ఆ ఊళ్ళో మిగతా పిల్లలంతా పొద్దున్నే పసుపుపచ్చ బస్సెక్కి ప్రైవేటు బడికి పోతున్నారు. కేంద్ర విద్యాశాఖ ఏటా దేశంలోని బడులన్నిటి వివరాలు సేకరించే యూడైస్ 2024–25 లెక్కల్లో తెలంగాణలో ఒక్క పిల్లాడూ లేని బడులు 2,245. వాటి పేరు మీద 1,016 మంది టీచర్లు. పక్క మండలంలో లెక్కల టీచర్ లేక పదో తరగతి పిల్లలు అల్లాడుతుంటే వీళ్ళను అక్కడికి పంపడం తప్పెలా అవుతుంది? చిన్న బడులు కలపండి, పిల్లలకు ఆటో ఖర్చులివ్వండి, తరగతికో టీచర్‌ను పెట్టండి. దీన్ని కోత అనకూడదు, సర్దుబాటు అనాలి.

హవాయి పద్ధతి కూడా నాకు తప్పనిపించలేదు. కొందరిని ఇంటికి పంపే బదులు అందరూ తలా కొంచెం భరించారు.

మాజీ వీవీ:

లెక్కల అన్నా, ఆ సర్దుబాటు ఎలా ఉంటుందో నేను చూశాను. నేను విద్యా వాలంటీర్‌ని. 12,000 గౌరవ వేతనం, అదీ బడి నడిచిన నెలలకే. మా మండలంలోని ఒక ప్రాథమిక బడిలో నాలుగేళ్ళు చెప్పాను. 2020లో బళ్ళు మూతపడ్డాయి. తెరిచాక మమ్మల్ని తీసుకోలేదు. వేలమందిమి. తీసేస్తున్నామని చేతికి ఒక కాగితం కూడా రాలేదు. మాది ఫర్లో కూడా కాదు. ఫర్లోలో ఉన్నవాళ్ళను సోమవారం మళ్ళీ రమ్మంటారు.

ఇప్పుడు అదే బడిలో మా పాప మూడో తరగతి. ఐదు తరగతులకు ఒకే సారు. మంచి సారు, ఆయన మీద నాకు ఏ కోపం లేదు. పొద్దున ప్రార్థన అయ్యాక ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పలకలిచ్చి అక్షరాలు దిద్దమంటాడు. బోర్డును సుద్దతో నిలువుగా మూడు ముక్కలు చేసి ఒక ముక్కలో కూడికలు, ఒక ముక్కలో గుణకారాలు, మూడో దాంట్లో భాగహారాలు రాస్తాడు. భాగహారం చెప్పడం మొదలుపెట్టగానే వంటమ్మ గుడ్ల లెక్క అడగడానికి వస్తుంది. ఆ తర్వాత ఫోన్లో హాజరు. నెట్ రాకపోతే ఫోన్ పట్టుకుని గేటు దాకా నడుస్తాడు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్ ఉన్న రోజు అంగన్‌వాడీ ఆయమ్మ పిల్లల్ని చూసుకుంటుంది. మా బడిలో 31 మంది పిల్లలు. చట్టం ప్రకారం ఇద్దరు టీచర్లుండాలి. రెండో పోస్టులోని మేడంను వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే పోస్టు ఇక్కడే ఉంచి పనికి మాత్రం, వేరే బడికి పంపారు.

మీరు చెప్పిన ఎనిమిది మంది పిల్లల ఊళ్ళో ఆ ఎనిమిది మంది ఎవరో కనుక్కోండి అన్నా. వ్యాన్ ఫీజు కట్టలేనివాళ్ళ పిల్లలు, ఆడపిల్లలు. తమ్ముడు వ్యానెక్కితే అక్క ఈ బడికి వస్తుంది. బడి కలిపేశాక ఆటో ఖర్చులు నెల నెలా సరిగ్గా పడకపోతే మొదట మానేది ఆ అక్కే.

లెక్కల మనిషి:

అమ్మా, 31 మందికి ఒక్క టీచర్ అంటే నేను సమర్థించను. అది నేనన్న సర్దుబాటుకు పూర్తిగా వ్యతిరేకం. ఆటో డబ్బులు ఆలస్యమవుతాయన్నదీ నిజమే. కానీ పిల్లలే లేని బడి పేరు మీద పోస్టు ఉంచమని మాత్రం నేను అనలేను.

రిటైర్డ్ హెచ్ఎం:

సున్నా ఉన్న బడి గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా 15 మంది, 20 మంది ఉన్న బడుల దగ్గరే. టీచర్‌ను తీస్తారు, పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గారని బడి మూస్తారు. ఏది ముందో ఏది వెనకో నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో కళ్ళారా చూశాను. మనం వెతుకుతున్న డబ్బు ఎక్కడుందంటారా, 2025–26 తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు. విద్యకిచ్చింది 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం చిల్లర. 2023 ఎన్నికలప్పుడు కాంగ్రెస్ వాళ్ళు 15 శాతం ఇస్తామన్నారు. అందులో దాదాపు సగమే ఇచ్చి లోటు భారాన్ని ఆ ఎనిమిది మంది పిల్లల మీద వెయ్యడం న్యాయం కాదు.

హోనలూలు నాన్న:

వీవీ మేడం రాసింది చదివాక బావమరిది మాట నాకెందుకు మింగుడు పడలేదో అర్థమైంది.

లెక్కల సార్ హవాయి పద్ధతి తప్పు కాదన్నారు. అందరూ భరించారన్న మాట నిజం కాదు సార్. డబ్బున్నవాళ్ళ పిల్లలు ప్రైవేటు బళ్ళలో శుక్రవారం కూడా పాఠం విన్నారు. అయినా అక్కడ ఒకటి జరిగింది. పోయిన రోజులు క్యాలెండర్‌లో అచ్చయి ఉన్నాయి. 17 అని ప్రతి తల్లికీ తెలుసు. అంకె తెలుసు కాబట్టే కోపం ఎవరి మీద చూపాలో తెలిసింది. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు, అక్కడ ఓడిపోయారు. 2010 ఏప్రిల్‌లో కొందరు గవర్నర్ ఆఫీసులోనే రోజుల తరబడి బైఠాయించారు. ఆఖరికి మే నెలలో తుపాను సహాయ నిధి నుంచి 5 కోట్ల 70 లక్షల డాలర్లు బడికి మళ్ళించి, రెండో ఏడాది ఫర్లోలు చాలా వరకు ఆపారు. లేదన్న డబ్బు దొరికింది.

ఇక్కడ బడి తెరిచే ఉంటుంది. గేటు తీసి ఉంటుంది, అన్నం పెడతారు, హాజరు పడుతుంది. లెక్కలో అది పనిదినమే. సారు మీటింగుకు పోయిన రోజు, ఐదు తరగతుల్లో నాలుగింటికి పాఠం అందని పూట ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కవు. జీతం ఆపితే ఉద్యోగి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి వడ్డీతో తెచ్చుకున్నాడు, మంచిదే. ఈ పిల్లల బకాయి ఎంతో రాసిపెట్టినవాళ్ళే లేరు.

మేడం, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఈ ఏడాది బడి తెరిచినప్పటి నుంచి మీ పాపకు పాఠం జరగని రోజులెన్నో చెప్పగలరా?

మాజీ వీవీ:

చెప్పగలను సార్. పాఠం చెప్పిన రోజు నోటుబుక్కులో పైన తేదీ వెయ్యడం ఆ సారు అలవాటు. రాత్రి పాప పడుకున్నాక మూడు నోటుబుక్కులూ ముందు వేసుకుని గోడ క్యాలెండర్‌తో సరిచూశాను. జూన్‌లో నాలుగు రోజులు, జులైలో తొమ్మిది రోజులు ఏ పుస్తకంలోనూ తేదీ లేదు. ఆదివారాలు, సెలవులు తీసేశాకే ఈ లెక్క. ఎల్లుండి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగ్ ఉంది. నోటుబుక్కులు తీసుకెళ్తున్నాను. ఇంకో ఇద్దరు తల్లులను కూడా తెమ్మన్నాను.