మేడ మీద గదికి వైఫై అందడం లేదు, కొత్త రౌటర్ కొనాలా?

ప్రశ్న (హన్మకొండ)

అందరికీ నమస్కారం. మాది రెండంతస్తుల ఇల్లు, ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. పెట్టడానికి వచ్చినతను బాక్సును కింద హాల్లో టీవీ వెనక గోడకు తగిలించి వెళ్లాడు. హాల్లో స్పీడ్ బాగుంది, మేడ మీద గదిలో మాత్రం ఒక్క గీతే కనిపిస్తుంది, అదీ వస్తూ పోతూ. మా పాప ఆ గదిలోనే ఆన్‌లైన్ క్లాసులు వింటుంది, పరీక్షలు దగ్గరికొచ్చాయి, క్లాసు ఆగిపోయినప్పుడల్లా ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి పరిగెత్తుకొస్తోంది. మాకు అదే టెన్షన్. ఐదారు వేలు పెట్టి నాలుగు యాంటెన్నాల రౌటర్ కొని, ఆ పాత బాక్సు తీసేసి పెడితే సరిపోతుందా? లేక వైఫైని అందుకుని మళ్లీ పంచే రిపీటర్ చాలా?

జవాబు 1

ఆ బాక్సు తీయకండన్నా. దాన్ని ఓఎన్‌టీ అంటారు, ఫైబర్‌లో వెలుతురుగా వచ్చేదాన్ని నెట్‌గా మార్చేది అదే. బజార్లో దొరికే మామూలు రౌటర్లకు ఫైబర్ దూర్చే చోటే ఉండదు, బాక్సు నుంచి ల్యాన్ కేబుల్ లాగి పెట్టుకోవాలి. యాంటెన్నాల లెక్క చూసి కొనకండి, రౌటర్ సిగ్నల్ ఎంత దూరం పోయినా ల్యాప్‌టాప్ సిగ్నల్ తిరిగి అక్కడిదాకా రావాలి కదా. ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి: వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో వస్తుంది, పాప ల్యాప్‌టాప్‌ను 5 నుంచి తీసేసి 2.4కి కలపండి. 5లో స్పీడ్ ఎక్కువే గానీ స్లాబు దాటడం దానికి కష్టం. మధ్యలో ఇనప బీరువా ఉంటే అదీ జరపండి.

జవాబు 2

రిపీటర్ వద్దండి. నేను కొని రెండు నెలలు అవస్థ పడ్డాను. అది బాక్సుతోనూ మన ఫోన్‌తోనూ ఒకే వైఫై మీద మాట్లాడుతుంది కాబట్టి స్పీడ్ ఇంచుమించు సగానికి పడిపోతుంది, పైగా సిగ్నల్ సరిగా లేని గదిలోనే పెడితే ఆ బలహీనమైన సిగ్నల్‌నే మళ్లీ పంచుతుంది. మీ ప్లానుకు రెండు వేల లోపు దొరికే డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 రెండూ ఇచ్చే) రౌటర్ చాలు, గిగాబిట్ పోర్టులు (1000 ఎంబీపీఎస్ దాకా మోసేవి) ఉంటే మంచిది, రేపు ప్లాన్ పెంచుకున్నా పనికొస్తుంది. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అంటే కేబుల్‌లో వచ్చే నెట్‌ను వైఫైగా పంచడం ఒక్కటే చేస్తుంది. ఆ మోడ్ లేకపోతే, కింది బాక్సు అడ్రస్ 192.168.1.1 అయితే కొత్తదానికి 192.168.1.2 ఇచ్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపేసి, కేబుల్‌ను వ్యాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉండేది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాల కోసం ఉండేది) పెట్టాలి. ఈ ఒక్కచోటే చాలామంది తప్పు చేస్తారు, రెండు పెట్టెలూ అడ్రసులు పంచడం మొదలుపెడితే ఇంట్లో సగం ఫోన్లకు నెట్ ఆగిపోతుంది.

జవాబు 3

కేబుల్ సంగతి నేను చెప్తాను, నేను చేసే పనే అది. క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్ కొనండి, అసలు రాగిదే అడగండి. చవకగా ఇచ్చేది అల్యూమినియం తీగకు రాగి పూత, నాలుగుసార్లు వంచితే లోపల విరుగుతుంది. 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు, మీ ఇంటికి ఇరవై మీటర్లు కూడా పట్టదు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం తోయొద్దు, మెట్ల పక్కగా వేరే పైపు వేయించండి. ఇంటి బయటి గోడ మీదుగా లాగితే పిడుగులు పడేటప్పుడు పోర్టులు కాలిపోతాయి, నేను చాలా చూశాను.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ అందరికీ. 2.4కి మార్చాక కొంచెం నయం, కానీ వీడియో ఆగుతూనే ఉంది. నిన్న మెట్ల పక్కగా కేబుల్ వేయించి రౌటర్ పెట్టాను, పై గదిలో 92 ఎంబీపీఎస్ వస్తోంది! పాప పొద్దున క్లాసు మొత్తం అక్కడే విన్నది. ఒక్క డౌటు, రెండింటికీ వైఫై పేరు ఒకటే పెట్టొచ్చా?

జవాబు 2

పెట్టొచ్చండి. పేరు, పాస్‌వర్డ్ ఒకటే ఉంచి, రెండూ ఒకదానికొకటి అడ్డురాకుండా, సెట్టింగుల్లో 2.4 బ్యాండ్‌కు కింద ఛానల్ 1 పెడితే పైన 6 గానీ 11 గానీ పెట్టండి. అలాగే కొత్త రౌటర్ సెట్టింగులు తెరిచే లాగిన్ పాస్‌వర్డ్ (వైఫై పాస్‌వర్డ్ కాదు) ఈరోజే మార్చేయండి, వెనక స్టిక్కర్ మీద ఉన్నదే ఉంచొద్దు.